తొమ్మిది బీర మొక్కలు

నేను మొక్కల మనిషిని కాను. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. తోటపని తెలిసినవాళ్ళు ఇది చదివితే నేను చేసిన పనికి నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోనివ్వండి. నన్ను నేను తిట్టుకున్నదాని ముందు అదెంత.

అమెరికాలో అల్ఫారెట్టా అనే ఊళ్ళో ఇల్లు కొన్నప్పుడే నా భార్య పంపకాలు చేసేసింది. ఇంటి ముందు గడ్డి నాది, ఇంటి వెనక ఎర్రమట్టి ఆమెది. నా గడ్డి రెండేళ్ళకే బోడిగుండయింది. ఆమె మట్టిలో మాత్రం గోంగూర, మిరప, వంగ, వాటన్నిటినీ తలదన్నే బీరపాదు. ఆ బీర గింజలు పెళ్ళయి ఇక్కడికి వచ్చేటప్పుడు చీర మడతలో దాచి తెచ్చుకుంది. తెనాలి అవతల వాళ్ళ ఊళ్ళో, వాళ్ళమ్మ పెరట్లో కాసిన బీర అది. ఆవిడ నా భార్య చిన్నప్పుడే పోయారు. ఇక్కడ ఈమె ఏటా ఒక కాయను కోయకుండా తీగకే ఎండనిచ్చి, గింజలు కెమెరా రీలు డబ్బాలో పోసి, మిగిలిన పీచుతో నా వీపు రుద్దేది. చర్మం ఊడివచ్చేలా రుద్దేది, అది వేరే సంగతి.

ఇక్కడి వసంతాన్ని నమ్మకూడదని ఆమెకు తెలుసు. మార్చిలో పది రోజులు ఎండ కాస్తే జనం షార్టులు వేసుకుని తిరుగుతారు. ఏప్రిల్‌లో ఏదో ఒక రాత్రి ఆకాశం తేటగా ఉండి, గాలి ఆగిపోయి, తెల్లారేసరికి మంచు పేరుకుని లేత మొక్కల్ని మాడ్చేస్తుంది. అలాంటి చలి వస్తుందని విన్న సాయంత్రం ఆమె పాత నూలు చీరలు భుజాన వేసుకుని వెనక్కి వెళ్ళేది. మొక్కల చుట్టూ కర్రలు గుచ్చి, వాటి మీద చీర పరిచి, అంచులు నేలకు ఆనేలా ఇటుకలు పెట్టేది. పొద్దున్న ఎండ రాగానే తీసి, దులిపి, మడతపెట్టేది. నేను వెనక చెక్క డెక్ మీద కాఫీ కప్పుతో నిలబడి వేళాకోళం చేసేవాణ్ణి.

"మొక్కలకి సారె పెడుతున్నావా?"

"చలి సంగతి నీకేం తెలుసులే. రా, వచ్చి ఈ కొస పట్టుకో."

నేను వెళ్ళేవాణ్ణి కాదు, కాఫీ చల్లారిపోతుందని.

చలి సంగతి నిజంగా ఆమెకే తెలుసు. ఆమె పాదాలు నడి ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేవి. పక్క ఎక్కగానే ఆ రెండు ఐసుముక్కలనూ నా పిక్కలకు ఆనించేది. నేను కెవ్వుమని దూరం జరిగేవాణ్ణి, ఆమె నవ్వుతూ ఇంకా దగ్గరికి జరిగేది. పదకొండేళ్ళు ఇదే తంతు.

ఒక అక్టోబరులో ఆమె పోయింది. రక్తానికి సంబంధించిన జబ్బు, బయటపడిన మూడు వారాలకే. చివరి రోజుల్లో ఆమె అడిగిందల్లా కాళ్ళకు వెచ్చగా ఏదైనా కప్పమని. నర్సులు వేడిచేసిన దుప్పట్లు తెచ్చేవారు. నేను ఉన్ని సాక్సులు రెండు జతలు ఒకదాని మీద ఒకటి తొడిగి, వాటి మీద చేతులు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. లోపల పాదాలు అలాగే ఉండేవి. చివరిదాకా అవి వెచ్చబడలేదు.

ఆమె తండ్రి, మా మామగారు, రాలేకపోయారు. వీసా ఇంటర్వ్యూకి దొరికిన తేదీకి రెండు రోజుల ముందే అంతా అయిపోయింది. అయినా ఆయన ఇంటర్వ్యూకి వెళ్ళారట, వీసా కూడా ఇచ్చారట. ఎవరి కోసం వెళ్తున్నారని అడిగితే ఏం చెప్పారో నాకు తెలియదు.

ఇంట్లో ఆమె వస్తువులు చాలావరకు స్నేహితులు వచ్చి సర్దారు, కొన్ని పంచారు. చీరలున్న క్లాజెట్ మాత్రం నేను ముట్టుకోనివ్వలేదు. నవంబరులో ఒకసారి ఆ తలుపు తీస్తే ఆమె వాసన గుప్పుమంది. పౌడరూ, కొబ్బరినూనే, వాటి వెనక ఆమె ఒంటి వాసనా. చీరల్లో మొహం పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. ఏడుపు ఆగాక భయం పట్టుకుంది. తలుపు తీసినప్పుడల్లా ఆ వాసన కొంత బయటికి పోతుంది, ఇలా తీస్తూ ఉంటే ఒకరోజు ఏమీ మిగలదు. వెంటనే తలుపు మూసి, కింది సందులో తువ్వాలు కుక్కాను. మళ్ళీ తీయలేదు. పిచ్చి పనే. కానీ ఆమె ఆ తలుపు వెనక ఉందనుకుంటేనే నాకు నిద్ర పట్టేది.

ఫిబ్రవరిలో మామగారు ఫోన్ చేశారు. "ఒకసారి వచ్చి చూసి పోతాను బాబూ" అన్నారు. ఏం చూస్తారు అని నోటిదాకా వచ్చింది. టికెట్ బుక్ చేశాను.

ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయిన మనిషి. ఒక సూట్‌కేసు, అందులో నాలుగు పంచెలు, రెండు స్వెట్టర్లు, కొత్త పంచాంగం, ఎండబెట్టిన వేపపువ్వు పొట్లం. పేరుకి మామా అల్లుళ్ళమే గానీ, మా ఇద్దరినీ కలిపిన మనిషి లేకపోయాక మాది బీరకాయ పీచు చుట్టరికమైపోయింది. "భోంచేశారా?" "చేశాను, మీరో?" "పప్పులో ఉప్పు సరిపోయిందా?" ఇంతే మా సంభాషణ. ఆస్పత్రి గురించి ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. ఇద్దరం టీవీ ముందు కూర్చుని, ఆయనకు అర్థంకాని, నేను వినని వార్తలు చూసేవాళ్ళం.

వచ్చిన వారానికి వంటింటి అరలో ఆయనకు ఆ కెమెరా రీలు డబ్బా దొరికింది. లోపల చిన్న కాగితం ముక్క, ఆమె దస్తూరిలో: "బీర. మనింటిది." ఆయన ఆ కాగితాన్ని వెలుతురులో పెట్టి చాలాసేపు చదివారు, అందులో ఉన్నవి రెండు మాటలే అయినా. తర్వాత గింజలు అరచేతిలో పోసుకున్నారు.

"పదకొండున్నయ్. ఇంతేనా బాబూ?"

"అంతే మామయ్యగారూ."

"పోయినేడు కాయ ఎండనియ్యలేదా?"

"అప్పటికి హాస్పిటల్లో ఉంది. నేను చూసుకోలేదు. కాయలన్నీ తీగ మీదే కుళ్ళిపోయాయి."

ఆయన గింజల్ని ఒక్కొక్కటే మళ్ళీ డబ్బాలో వేశారు. కాసేపటికి, "మా ఇంట్లో పాదు ఎప్పుడో పోయింది. ఇయ్యి పోతే మళ్ళీ లేవు. దాచినా లాభం లేదు, ఇంకో ఏడైతే మొలవ్వు" అన్నారు. ఆ సాయంత్రమే పెరుగు డబ్బాలకు అడుగున చిల్లులు పొడిచి, మట్టి నింపి, పదకొండూ నాటేశారు. తొమ్మిది మొలిచాయి.

వాటిని వంటింటి కిటికీలో పెట్టి, ఎండ వాలినకొద్దీ తిప్పుతూ ఉండేవారు. నేను పట్టించుకోనట్టే ఉండేవాణ్ణి గానీ, ఆఫీసుకి బయల్దేరేముందు ఒకసారి అటు చూడకుండా కదిలేవాణ్ణి కాదు. రెండాకులు నాలుగయ్యాయి. నాటింది ఆయనే, నీళ్ళు పోసింది ఆయనే. కానీ ఆ గింజల్ని ఎండబెట్టి, తాలు ఏరి, డబ్బాలో పోసిన చేయి ఆమెది. ఆమె చేతిమీదుగా వచ్చి ఇంకా ప్రాణంతో ఉన్నవి ఈ ఇంట్లో ఇవే. ఇవి పోతే ఆమె ఇంకోసారి పోయినట్టేనని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

ఆ ఏడు ఉగాది మార్చి మూడో వారంలోనే వచ్చింది. "ఉగాది నాడు నేలలో పెట్టేస్తాను బాబూ, మంచి రోజు. వసంతం వచ్చేసినట్టే గదా" అన్నారు. పంచాంగంలో వసంతం వచ్చింది నిజమే, కానీ అది తెనాలికి. ఉగాదికి రెండు రోజుల ముందు పక్కింటి ఆవిడ కంచె దగ్గర నన్ను ఆపింది. రిటైరయిన స్కూల్ టీచరు, ఇక్కడే పుట్టి పెరిగిన అమెరికన్, మా ఆవిడతో టమాటాలు ఇచ్చిపుచ్చుకునేది. కిటికీలో మొలకలు చూశానని చెప్పి, డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా పూశాక మళ్ళీ ఒక చలి వస్తుంది, అది దాటేదాకా వాటిని బయట పెట్టొద్దు, మీ భార్యకి తెలుసు ఆ సంగతి అంది. నేను థాంక్స్ చెప్పి లోపలికి వచ్చాను. మామగారితో చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? ఆయన మొదటిసారి హుషారుగా కనిపించారు, దాన్ని చెడగొట్టడం ఇష్టంలేక అని చెప్పుకుంటే బావుంటుంది. అది సగమే నిజం. నెల రోజులుగా ఆయన ఆమె తవ్వుగోల పట్టుకుని, ఆమె చెప్పులు వేసుకుని, ఆమె మట్టిలో తిరుగుతుంటే నాకు లోపల మంటగా ఉండేది. అంతా తెలిసినట్టు పంచాంగం పట్టుకొచ్చిన మనిషి కదా, తెలుసుకుంటాడులే అనుకున్నాను. కూతురు పోయిన మనిషి మీద నాకు అలాంటి కక్ష. ఉగాది పచ్చడి తిని, ఆయన తొమ్మిది మొక్కలూ ఒకే వరుసలో నాటారు.

ఏప్రిల్ మొదటి వారంలో మా వీధంతా డాగ్‌వుడ్లు పూశాయి. ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా వెదర్ చూశాను. ఆ రాత్రికి ఇరవై ఎనిమిది డిగ్రీలు, మర్నాడు రాత్రి ఇంకా తక్కువ. ఇక్కడి లెక్కలో ముప్పై రెండుకే నీళ్ళు గడ్డకడతాయి. ఇంటికి వచ్చేసరికి మామగారు స్వెట్టరు వేసుకుని, మా పక్క మీది దుప్పటి చేతిలో పట్టుకుని హాల్లో నిలబడి ఉన్నారు.

"చలి ముదురుద్దంట బాబూ, పక్కింటామె సైగ చేసి చెప్పింది. ఈ దుప్పట్లు బరువు, మొక్క ఇరిగిపోద్ది. అమ్మాయి పాత చీరలు కప్పేది గదా, ఫోన్లో చెప్పేది నాకు. యాడున్నయ్ అయ్యి?"

"అవి లేవు మామయ్యగారూ."

"లేకపోవడం ఏంది. నేత చీరలు, నేను పెట్టినయ్యే."

"ఉన్నాయి. కానీ ఆ క్లాజెట్ తెరవొద్దు."

"పాతయ్యే గదా బాబూ. మొక్కలు పోతయ్."

"పోతే పోనివ్వండి. చీరలు మాత్రం ముట్టుకోవద్దు. ఇంకేం కావాలన్నా తెచ్చిస్తాను."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన నా వంక చూసి, తల దించుకుని, "సరే బాబూ" అన్నారు.

నేను కారు తీసుకుని హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళాను. గోడలకు రంగులేసేటప్పుడు నేల మీద పరుస్తారే, ఆ పల్చటి ప్లాస్టిక్ షీటు ఒకటి తెచ్చాను. చీరలెందుకు, గుడ్డలోంచి గాలి దూరుతుంది, దీంట్లోంచి చుక్క గాలి దూరదు అని నా లెక్క. కంప్యూటర్ల ముందు కూర్చునేవాడి తెలివి. మొక్కల వరుస మీద దాన్ని బల్లపరుపుగా పరిచి, చుట్టూ ఇటుకలు పేర్చాను.

"కర్రలు గుచ్చొద్దా బాబూ? ఆకులకి ఆనుద్దేమో."

"ఏం కాదు మామయ్యగారూ."

షీటు ఎనిమిది మొక్కలకే సరిపోయింది. తొమ్మిదోది చివర బయటే ఉండిపోయింది. చీకటి పడుతోంది, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, నాకు విసుగ్గా ఉంది. ఒక్కటే కదా అని లోపలికి వచ్చేశాను. ఆయన కాసేపు అక్కడే ఉన్నారు.

తెల్లవారి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు. షీటు ఎత్తితే లోపలివైపు కూడా మంచు పేరుకుని ఉంది. దాని కింద ఎనిమిది మొక్కలూ ఉడకబెట్టిన తోటకూరలా నల్లబడి నేలకు అంటుకుపోయి ఉన్నాయి. మామగారు గొంతుక్కూర్చుని ఒక్కొక్క కాడనూ పట్టుకుని చూశారు, ఎక్కడైనా పచ్చి మిగిలిందేమోనని. మిగల్లేదు.

వరుస చివర మేము విడిచిన బట్టలు వేసే బుట్ట ఒకటి బోర్లించి ఉంది. దాని మీద ఆయన పంచె, రెండు మడతలు వేసి, నేల దాకా దించి, చుట్టూ మట్టి ఎగదోసి ఉంది. ఆయన బుట్ట ఎత్తారు. తొమ్మిదో మొక్క పచ్చగా ఉంది.

పక్కింటి ఆవిడ కోటు కప్పుకుని వచ్చింది. ప్లాస్టిక్ ఆకులకు తగిలితే చలి దాన్నుంచే ఆకులోకి దిగుతుందట. మొక్కని కాచేది పైన కప్పిన గుడ్డ కాదట, నేల. పగలంతా ఎండ తాగిన నేల రాత్రి ఆ వేడి వదులుతుంది, గుడ్డ దాన్ని పట్టి ఉంచుతుంది, అందుకే అంచులు నేలకు ఆనాలి. మొదటి ఏడు మీ భార్యకి నేనే నేర్పాను అంది. నేను అదంతా తెలుగులో మామగారికి చెప్పాను. ఉగాదికి ముందు చెప్పాల్సిన మాట కూడా అప్పుడే చెప్పాను, నాకు ముందే తెలుసునని.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బావుండేది. "లోపలికి పదండి, మీకు ఆఫీసు టైమైంది" అన్నారు.

నేను ఆఫీసుకి వెళ్ళలేదు. ఆయన అన్నం తినకుండా గదిలో పడుకున్నారు. మధ్యాహ్నం నేను క్లాజెట్ ముందు కూర్చుని, సందులో కుక్కిన తువ్వాలు లాగాను. తలుపు తీసి, చీరల్లో మొహం పెట్టాను.

కలరా ఉండల వాసన. ఇంకో చీర తీశాను, ఇంకోటి. అడుగునున్న చీర మడతలు విప్పి, ఆ మడతల్లోపల వాసన చూశాను. కలరా ఉండలు, కొయ్య, దుమ్ము. ఆమె వాసన ఎక్కడా లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. డిసెంబరులోనే పోయిందేమో. నేను ఐదు నెలలు తువ్వాలు కుక్కి కాపలా కాసింది ఖాళీ అలమరకి. లేనిదాని కోసం ఉన్నవాటిని చంపుకున్నాను. కార్పెట్ మీద చీరల మధ్య కూర్చుని, ఆమె పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చాను. పక్క గదిలో ఆయనకు వినిపించే ఉంటుంది.

మొక్కలకు కప్పే చీరలు కింది అరలో విడిగా మడతపెట్టి ఉన్నాయి. పైనున్నది పసుపుపచ్చ నేత చీర. ఎంత ఉతికినా పోని ఎర్రమట్టి మరకలు దాని అంచు పొడుగునా ఉన్నాయి. అది తీసుకుని ఆయన గది తలుపు కొట్టాను.

ఆ మొక్క బతికిందా అని అడుగుతారు. బతికింది, కాసింది. ఆగస్టులో ఆయన వెళ్ళేటప్పుడు గింజలు చెరిసగం పంచుకున్నాం. కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ సాయంత్రమే.

పొద్దు వాలుతోంది. ఆయన నాలుగు కర్రలు గుచ్చారు. చీర ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకున్నాం. ఈ ఇంట్లో ఉన్న ఏడేళ్ళూ ఆమె రమ్మంటే నేను పట్టుకోని కొస అది. గాలి లేదు, చీర తిన్నగా దిగింది. నేను అంచు మీద ఇటుక పెట్టబోయాను.

"ఇంకాస్త కిందికి లాగండి బాబూ. నేలకి ఆనాలి." ఆయన వంగి తనే అంచు సర్దారు. "అమ్మాయికి చిన్నప్పట్నుంచీ కాళ్ళకే చలి. వాళ్ళమ్మ పోయినాక నేనే లేచి కప్పుతుండేవాణ్ణి. ఎంత కప్పినా తన్నేసేది."

ఈ ఇంటికి వచ్చాక ఆమె గురించి ఆయన అంత మాట్లాడటం అదే మొదలు. నేను ఇటుక పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"ఆస్పత్రిలో గూడా కాళ్ళు చల్లగుండినయ్యా?" అన్నారు.

"ఉన్నాయి మామయ్యగారూ. సాక్సులు రెండు జతలు తొడిగాను. వాటి మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను."

"వెచ్చబడినయ్యా?"

ఆయన నా మొహం చూడటం లేదు. చీర అంచున మట్టి మరకని బొటనవేలితో రుద్దుతున్నారు.

"వెచ్చబడ్డాయి" అన్నాను.

ఆయన తల ఊపారు. గోడ దగ్గరికి వెళ్ళి ఇంకో ఇటుక తెచ్చి, ఆ అంచు మీద పెట్టారు.